రిక్కీ టిక్కీ కథలో హీరో, విలన్ జంతువుల గుణాలు రాయడం ఎలా: మొదటి నుంచి చివరిదాకా

“మా అమ్మాయికి స్కూల్లో రిక్కీ టిక్కీ టావీ కథ ఇచ్చారు, అందులో జంతువుల క్యారెక్టర్ ట్రెయిట్స్ రాసుకు రమ్మన్నారు, ఎలా రాయించాలి?” ఈ ప్రశ్న హైదరాబాద్‌లో ఇంగ్లీష్ మీడియం పిల్లల తల్లిదండ్రులూ అడుగుతున్నారు, అమెరికాలో ఉన్న మనవాళ్ళూ అడుగుతున్నారు. ఇన్నాళ్ళూ ఒక్కొక్కరికి ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చాను. ఇప్పుడు మొత్తం ఒక్కచోట, చేయాల్సిన వరుసలో రాస్తున్నాను. పిల్లలు సొంతంగా చదువుకోవచ్చు, పెద్దలు పక్కన కూర్చుని చేయించవచ్చు.

ముందే ఒక్క మాట చెప్పేస్తాను, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. వేరే దారి ఉండి కూడా ఆ జంతువు ఏం చేసిందో చూడండి, గుణం అక్కడ దొరుకుతుంది. “మంచిది”, “చెడ్డది”, “ధైర్యం గలది” అని ముందే రాసేసి తర్వాత కథలో దానికి సరిపోయే ముక్కలు వెతికితే జవాబు తేలిపోతుంది. టీచర్ మార్కులు కోసేది కూడా సరిగ్గా అక్కడే.

1. కూర్చునే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

కథ పూర్తి పాఠం కావాలి. ఇది రడ్యార్డ్ కిప్లింగ్ రాసినది, 1894లో వచ్చిన జంగిల్ బుక్‌లో ఉంది. పిల్లల కోసం కుదించిన బొమ్మల పుస్తకాలు, పది నిమిషాల వీడియోలు ఈ పనికి పనికిరావు. మనకు కావలసిన చిన్న చిన్న విషయాలు (బాత్రూంలో ముంగిస ఎంతసేపు కదలకుండా ఉంది, పాములు తమలో తాము ఏం మాట్లాడుకున్నాయి లాంటివి) కుదించేటప్పుడు మొదట ఎగిరిపోయేవి అవే.

దగ్గర పెట్టుకోండి:

☐ పూర్తి కథ, వీలైతే ప్రింట్ తీసింది (గీతలు పెట్టుకోవాలి కాబట్టి)
☐ రెండు రంగుల పెన్సిళ్ళు: ఒకటి చేసిన పనికి, ఒకటి అన్న మాటకు
☐ నోట్‌బుక్‌లో ఒక్కో జంతువుకు ఒక్కో పేజీ
☐ టీచర్ ఇచ్చిన ప్రశ్న, యథాతథంగా రాసిపెట్టిన కాగితం

ఆఖరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, “రెండు గుణాలు రాయండి” అని అడిగితే ఐదు రాసుకెళ్ళిన పిల్లలున్నారు, “హీరోనీ విలన్‌నీ పోల్చండి” అని అడిగితే హీరో ఒక్కడి గురించే రెండు పేజీలు నింపిన పిల్లలూ ఉన్నారు.

2. మూడుసార్లు చదవండి, మూడుసార్లూ వేరే వేరే పనికి

మొదటిసారి ఊరికే కథ కోసం చదవాలి. పెన్సిల్ ముట్టుకోవద్దు. వరదలో కొట్టుకొచ్చిన రిక్కీ అనే ముంగిస పిల్ల, దాన్ని తుడిచి దూదిలో చుట్టి వెచ్చజేసిన తెల్లవాళ్ళ కుటుంబం, ఆ తోటలో ఉండే నాగ్, నగైనా అనే నాగుపాముల జంట, వాటి మధ్య పోరు. కథ జరిగేది సుగౌలీ కంటోన్మెంట్‌లో, ఇప్పటి బీహార్‌లో ఉన్న ఊరు అది. చదవడం అయ్యాక పుస్తకం మూసి, కథ మొత్తం తెలుగులో ఎవరికైనా చెప్పించండి. అమ్మమ్మకు ఫోన్ చేసి చెప్పినా సరే. ఎక్కడ తడబడితే అక్కడ అర్థం కాలేదన్నమాట.

రెండోసారి పెన్సిళ్ళతో. జంతువు ఏదైనా పని చేస్తే ఒక రంగు, మాట్లాడితే ఇంకో రంగు. రచయిత తానే “దీనికి ఆసక్తి ఎక్కువ” అని చెప్పేసిన చోట గీత వద్దు, పక్కన చుక్క పెట్టండి చాలు. అది రచయిత చెప్పిన మాట. మనం పట్టుకోవాల్సింది చేతల్లో కనిపించేది.

మూడోసారి గీత పెట్టిన చోట్ల మాత్రమే చదువుతూ, ఒక్కో చోట ఒకే ప్రశ్న వేయండి: ఇక్కడ ఇది వేరేగా చేసి ఉండొచ్చా? ఉండొచ్చు అనిపిస్తే పక్కన టిక్కు. ఈ టిక్కులే మన పెట్టుబడి.

3. జాతి లక్షణం, ఆ క్షణపు భావం, గుణం: మూడింటినీ విడదీయండి

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇది. నన్నడిగితే అసలు పని ఇక్కడే ఉంది.

ముంగిస పామును చంపుతుంది. అది ప్రతి ముంగిసా చేసేదే. పాము కాటేస్తుంది, ప్రతి పామూ కాటేస్తుంది. వీటిని గుణాలుగా రాస్తే ఆ జంతువు గురించి చెప్పినట్టు అవదు, జంతుశాస్త్రం చెప్పినట్టు అవుతుంది. ఈ కథలో ఇంకో చిక్కు ఉంది. రిక్కీకి ఉన్న కుతూహలం ముంగిస వంశం మొత్తానిదీ అని, “పరిగెత్తి వెళ్ళి కనుక్కో” అన్నది వాళ్ళ కుటుంబాల నినాదమనీ రచయిత తానే చెబుతాడు. మరి కుతూహలం గుణమా, జాతి లక్షణమా? రెండూ. జాతి నుంచి వచ్చింది, కానీ రిక్కీ దాన్ని ఎలా వాడుకున్నాడో చూడాలి. మొదటిరోజు అదే కుతూహలంతో బాత్‌టబ్బుల్లో దాదాపు మునిగిపోతాడు, సిరాలో ముక్కు పెడతాడు, సిగార్ కొసకు ముక్కు కాల్చుకుంటాడు. రాత్రి అయ్యేసరికి ఏ చిన్న చప్పుడు వినిపించినా లేచి వెళ్ళి చూసే అదే అలవాటు ఇంటిల్లిపాదినీ కాపాడుతుంది. ఇలా రాస్తే అది రిక్కీ సొంత గుణం అవుతుంది.

భావం వేరు. నాగ్ మొదటిసారి పడగ విప్పి నిలబడినప్పుడు రిక్కీ ఒక్క నిమిషం భయపడతాడు. అంతమాత్రాన పిరికివాడని రాయకూడదు. భయం వచ్చింది, పోయింది. అదే చుచుంద్రా అనే చుంచెలుక సంగతి చూడండి, అది రాత్రంతా గోడ వారనే తిరుగుతూ, గది మధ్యలోకి పోదామనుకుని కూడా ఎప్పుడూ పోలేక ఏడుస్తూ ఉంటుంది. అక్కడ భయం స్థిరపడిపోయింది, అందుకే అది గుణం.

తేడా తెలుసుకోవడానికి ఇలా అడగండి:

☐ దీని జాతి అంతా ఇదే చేస్తుందా? (అయితే జాతి లక్షణం)
☐ ఒక్కసారే కనిపించి మాయమైందా? (అయితే భావం)
☐ కనీసం రెండు చోట్ల, వేరే దారి ఉన్నా ఇదే చేసిందా? (అయితే గుణం, రాసుకోండి)

4. పట్టిక వేయండి

ప్రతి జంతువు పేజీలో మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో ఏం చేసింది, రెండో గడిలో ఇంకేం చేసి ఉండొచ్చు, మూడో గడిలో గుణం. మూడోది అన్నిటికంటే చివర నింపాలి. పిల్లలు మూడో గడి ముందు నింపేస్తారు, ఆపండి.

రిక్కీ పేజీలో ఒక వరుస ఇలా ఉంటుంది. చేసింది: కట్లపాము కరైత్‌ను చంపాక దాన్ని తోక నుంచి తినబోయి ఆగిపోయాడు. ఇంకేం చేసి ఉండొచ్చు: కడుపు నిండా తిని ఉండొచ్చు, అది అతని జాతి అలవాటే. గుణం: నిగ్రహం, ముందుచూపు. ఎందుకంటే కడుపు నిండితే ఒళ్ళు బరువై కదలిక నెమ్మదిస్తుందని అతనికి గుర్తొచ్చింది. ఆ రాత్రి భోజనాల బల్ల మీద గ్లాసుల మధ్య తిరుగుతూ కూడా అంతే, మూడింతలు తినగలిగి ఉండి తినలేదు, నాగ్, నగైనా ఇంకా తోటలోనే ఉన్నారని జ్ఞాపకం పెట్టుకున్నాడు. రెండు చోట్ల కనిపించింది కాబట్టి ఖాయం చేసుకోవచ్చు.

మా చెల్లెలి కూతురు ఏడో తరగతిలో ఈ పట్టిక వేసింది. మొదట తను రాసింది చూస్తే రిక్కీ పేజీలో ఏడు వరుసలు, ఏడింటికీ ‘బ్రేవ్’ అనే ఉంది. ఆ మాట కొట్టేసి, మళ్ళీ వాడకుండా ఏడూ రాయమన్నాను. పావుగంట పెన్సిల్ కొరుకుతూ కూర్చుంది, తర్వాత కరైత్ దగ్గరికొచ్చి “పెద్దమ్మా, ఇక్కడ ధైర్యం కాదు, వీడికి ఆకలేసినా ఆగాడు కదా!” అంది. నిగ్రహం అన్న మాట నేను చెప్పలేదు. కథే చెప్పించింది.

5. హీరో పేజీ: బాత్రూం ఘట్టాన్ని దగ్గరగా చూడండి

రిక్కీ గురించి ఒక్క ఘట్టమే రాసే వీలుంటే ఇదే ఎంచుకోండి.

రాత్రి. నాగ్ నీళ్ళ తూము గుండా బాత్రూంలోకి వచ్చాడు, అన్నిటికంటే పెద్ద నీళ్ళ కూజాలో నీళ్ళు తాగి, దాని అడుగు భాగం చుట్టూ చుట్టలు చుట్టుకుని పడుకున్నాడు. పొద్దున్నే ఇంటి పెద్ద స్నానానికి వస్తాడు, అప్పుడు చేతిలో కర్ర ఉండదు, అది నాగ్ లెక్క. రిక్కీ అక్కడే ఉన్నాడు. లోపల కోపం రగిలిపోతోంది, పాము పరిమాణం చూసి భయమూ వేసింది.

అప్పటికప్పుడు దూకలేదు. గంటసేపు చచ్చినట్టు కదలకుండా ఉన్నాడు. ఆ తర్వాత ఒక్కో కండరాన్నీ కదుపుతూ కూజా వైపు జరిగాడు. ఎక్కడ పట్టుకోవాలా అని ఆలోచించాడు: మొదటి దూకుడుకే నడుం విరగకపోతే వాడు ఇంకా పోరాడతాడు, మెడ తనకు పట్టనంత లావు, తోక దగ్గర కరిస్తే ఇంకా రెచ్చిపోతాడు. పడగకు పైన తలే పట్టుకోవాలి, పట్టాక వదలకూడదు. అలాగే పట్టాడు. నేలకేసి, గోడకేసి కొట్టుకుపోతూ, చచ్చిపోతానని అనుకుంటూ కూడా వదల్లేదు, చివరికి ఇంటి పెద్ద తుపాకీ పేల్చేదాకా.

ఇందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఓపిక ఉంది, లెక్క వేసుకోవడం ఉంది, తన బలమెంతో తెలిసుండటం ఉంది, పట్టు వదలకపోవడం ఉంది. ధైర్యం కూడా ఉంది, కానీ అది మిగతావాటి కింద ఉంది. మొదట్లో నగైనా వెనక నుంచి వచ్చినప్పుడు ఎగిరి తప్పించుకుని, కింద పడుతూ కరిచి, పట్టు నిలబెట్టుకునేంతసేపు కరవలేకపోయిన కుర్ర ముంగిసే వీడు! ఆ రెండు ఘట్టాలూ పక్కపక్కన పెట్టి “మొదట ఇలా ఉన్నాడు, తర్వాత ఇలా మారాడు” అని రాస్తే జవాబు ఒక మెట్టు పైకి వెళుతుంది. పాత్ర ఎదుగుదల అని టీచర్లు అడిగేది దీన్నే.

సిసలైన ధైర్యం గురించి రాయాలంటే మాత్రం చివర్లో వచ్చే ఎలుక కన్నం ఘట్టం తీసుకోండి. పాము వెంట దాని కన్నంలోకి దిగడానికి ముదురు ముంగిసలు కూడా ఇష్టపడవని రచయిత చెబుతాడు, రిక్కీ దిగుతాడు. అక్కడ వేరే దారి ఉంది. బయటే ఆగిపోవచ్చు.

ఇంకొకటి. రిక్కీ దయామయుడు అని రాయకండి. నగైనా “నా ఆఖరి గుడ్డు ఇచ్చెయ్, వెళ్ళిపోతాను, మళ్ళీ రాను” అని బతిమాలుతుంది. రిక్కీ ఒప్పుకోడు, నువ్వు వెళ్ళేది నాగ్ పడున్న చెత్తకుప్ప మీదికే అంటాడు. అంతకుముందు పుచ్చపాదులో ఉన్న 25 గుడ్లలో ఇరవై నాలుగు కొరికేశాడు. హీరో పేజీలో ‘కఠినత్వం’ అని రాయడానికి పిల్లలు జంకుతారు. రాయనివ్వండి, సాక్ష్యం ఉంది.

6. విలన్ పేజీలు: నాగ్‌నీ నగైనానీ కలిపి ఒకే ముద్దగా చేయొద్దు

“నాగ్, నగైనా దుర్మార్గులు, పగబట్టారు” అని ఒక్క వాక్యంతో ముగించేస్తారు చాలామంది. ఇద్దరూ వేరు. పేజీలు కూడా వేరు వేరుగా ఉండాలి.

నాగ్. ఐదు అడుగుల నల్ల తాచు. వచ్చీ రావడంతోనే తన వంశం గొప్ప చెబుతాడు, బ్రహ్మ నిద్రపోతుంటే ఎండ తగలకుండా మొదటి నాగుపాము పడగ పట్టిందని, అందుకే తమ జాతికి ఆ గుర్తు వచ్చిందని. “చూడు, భయపడు” అంటాడు. ఆ మాటల అడుగున అతనికే భయం ఉంది, తోటలో ముంగిస వచ్చిందంటే ఎప్పటికైనా తనకు చావేనని తెలుసు. బెదిరించడం, గొప్పలు చెప్పుకోవడం, లోపల జంకు: ఈ మూడూ ఒకేచోట దొరుకుతాయి. మాటల్లో చాతుర్యం కూడా ఉంది. పక్షి పిల్లను తినడం న్యాయమా అని రిక్కీ అడిగితే, నువ్వు గుడ్లు తింటావుగా, నేను పక్షుల్ని ఎందుకు తినకూడదు అని ఎదురు వేస్తాడు. ఆ మాటల్లో పెట్టి ఉంచేది వెనక నుంచి నగైనా రావడానికి టైం ఇవ్వడం కోసం. నిజానికి ప్రశ్న న్యాయమైనదే, ఉద్దేశం మాత్రం మోసం. రెండూ రాయండి.

నగైనా. నా లెక్కలో ఈ కథలో అన్నిటికంటే బలమైన పాత్ర ఇదే. మనుషుల్ని చంపితే మనకు ఏం ఒరుగుతుందని నాగ్ అడిగినప్పుడు లెక్క అంతా విప్పి చెప్పేది ఆమే: ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు తోటలో ముంగిస లేదు, మనుషులు పోతే ముంగిసా పోతుంది, మళ్ళీ తోటకు రాజూ రాణీ మనమే, పైగా గుడ్లు రేపో మాపో పొదగబోతున్నాయి, పిల్లలకు చోటు కావాలి. నాగ్ “నాకు ఈ ఆలోచన తట్టలేదు” అంటాడు. ఆ ఒక్క మాట చాలు ఇద్దరి తేడా చెప్పడానికి. ఆమె పన్నాగం వేస్తుంది, అతను అమలు చేస్తాడు.

ఇప్పుడు వరండా ఘట్టం. ఆ ఇంటి పిల్లాడు టెడ్డీ కాలిని తేలిగ్గా కాటేయగలిగేంత దగ్గరలో నగైనా చుట్టుకుని కూర్చుంది, ఇంటిల్లిపాదీ రాయిలా బిగుసుకుపోయారు. ఆ క్షణాన రిక్కీ ఆఖరి గుడ్డు చూపిస్తే ఆమె గిర్రున వెనక్కి తిరుగుతుంది, మిగతాదంతా మర్చిపోతుంది. తండ్రి టెడ్డీని బల్ల మీదుగా ఇవతలికి లాగేస్తాడు. అంటే టెడ్డీని బతికించింది ముంగిస తెలివి ఎంతో, నగైనా తల్లి ప్రేమా అంతే. విలన్‌కు మంచి గుణం ఉండదన్న నియమం ఏమీ లేదు. ఈ పాయింట్ పట్టుకున్న పిల్లల జవాబు మిగతావాటిలో కలవదు.

చాలామంది గమనించనిది ఇంకోటి చెబుతాను. కరైత్‌ను చంపింది ఇంటి పెద్ద అనుకుంటుంది నగైనా, నాగ్‌ను చంపింది కూడా అతనే అనుకుంటుంది, రెండుసార్లూ చంపడంలో ముఖ్యమైన చెయ్యి ముంగిసది. “నాగ్ పడగ పట్టింది నేను” అని రిక్కీ తానే చెప్పాల్సి వస్తుంది. చిన్నవాణ్ణి లెక్కలోకి తీసుకోకపోవడం ఆమె లోపం. పన్నాగం అంత బాగా వేసే ఆమె ఓడింది దీనివల్లే అని రాస్తే, గుణాన్ని కథ ముగింపుతో ముడిపెట్టినట్టవుతుంది.

కరైత్‌కు పెద్ద పేజీ అక్కర్లేదు. నేనే చావును అని ఒక్క మాట అని, కాటేయబోయి, చచ్చిపోతుంది. రెండు లైన్లు చాలు.

7. పక్క పాత్రలు: ఇక్కడ దాగున్న మార్కులు

డార్జీ అనే కుట్టుపిట్టా దాని పెళ్ళామూ ఒక జంటగా చూడాల్సినవి. డార్జీ పాడుతుంది. నాగ్ చచ్చాడని పాడుతుంది, నగైనా ఎక్కడుందో చెప్పమని రిక్కీ అడుగుతుంటే జవాబు చెప్పకుండా ఇంకా పాడుతుంది, చివర్లో రిక్కీ చచ్చిపోయాడనుకుని ఏడుపు పాట పాడుతుంది. మా మేనకోడలు మొదట “డార్జీ మంచిది, సంతోషంగా ఉంటుంది” అని రాసింది. ఆ పాట వల్ల పని ఎంత ఆలస్యమైందో చూడమన్నాక ‘సమయం సందర్భం తెలియనిది’ అని మార్చుకుంది. నగైనా పిల్లలూ తన పిల్లల్లాగే గుడ్లలోంచి వస్తాయి కాబట్టి వాటిని చంపడం న్యాయం కాదనుకుంటుంది డార్జీ. ఆ జాలి మంచిదో అవివేకమో పిల్లలతో వాదించండి, జవాబు మీరు చెప్పేయకండి.

పెళ్ళాం అలా కాదు. పాము గుడ్డంటే రేపటి పాము అని దానికి తెలుసు. రెక్క విరిగినట్టు నటిస్తూ నగైనా ముందు ఎగిరి, ఆమెను పుచ్చపాదు నుంచి దూరంగా లాక్కెళ్ళింది. ఆఖర్న నగైనా పారిపోతుంటే తల చుట్టూ రెక్కలు కొట్టి ఆలస్యం చేసింది కూడా ఇదే. కథలో దీనికి సొంత పేరు కూడా లేదు. హీరోలు ఎవరని అడిగితే ఈ పేరు లేని పిట్టను రాయండి, సాక్ష్యం రెండు చోట్ల ఉంది.

చుచుంద్రా గురించి ఇందాకే చెప్పాను. ఒక్కటి కలపండి: భయపడుతూనే అయినా నోరు జారిన ఆ అరకొర మాటల వల్లే రిక్కీ చెవులు రిక్కించి విన్నాడు.

8. మన ఇంటి పిల్లలకు ఎదురయ్యే చిక్కు

నాగుల చవితికి పుట్టలో పాలు పోసి వచ్చిన పిల్లకు నాగుపామును విలన్ అని రాయడం ఇబ్బందిగా ఉంటుంది. అమ్మమ్మ దండం పెట్టించిన దాన్ని చెడ్డది అని ఎలా రాస్తుంది? ఇంకోవైపు పాము పగ పన్నెండేళ్ళు అని విన్న పిల్లాడు కథలో లేని పగను కూడా రాసేస్తాడు. రెండూ చూశాను.

పరిష్కారం తేలికే. కథలోని నాగ్ వేరు, మనం పూజించే నాగన్న వేరు, అడవిలో తిరిగే పాము వేరు. అడవిలోని పాము పగబట్టదు, పన్నాగాలు వేయదు. కథలో వేస్తుంది, ఎందుకంటే రచయిత దానికి మనిషి బుర్ర పెట్టాడు. జవాబులో “ఈ కథలో” అన్న మాట ఒకటి చేర్చితే అమ్మమ్మకూ టీచర్‌కూ ఇద్దరికీ సరిపోతుంది.

పగ సంగతి కూడా జాగ్రత్తగా చూడండి. నాగ్ చచ్చేదాకా నగైనాకు ఉన్నది పగ కాదు, పిల్లల కోసం చోటు. పగ వచ్చింది భర్త పోయాక. వరుస తప్పితే గుణం తప్పుతుంది.

మన పిల్లలకు చేతిలో ఉన్న లాభం కూడా ఒకటుంది. పంచతంత్రంలో ముంగిస కథ వాళ్ళకు తెలుసు: ఉయ్యాల దగ్గరికొచ్చిన పామును చంపి, నోటికి నెత్తురుతో ఎదురొచ్చిన ముంగిసను ఇంటివాళ్ళే తొందరపడి చంపేస్తారు. రిక్కీ కథలో టెడ్డీ తల్లికీ మొదట అనుమానమే, పిల్లాణ్ణి కరుస్తుందేమోనని. తండ్రి నమ్ముతాడు. ఒకే జంతువు, ఒకే విశ్వాసం, ఇంటివాళ్ళ గుణం మారితే కథ మారిపోయింది. పోలిక ప్రశ్న వస్తే ఇది రాయించండి, క్లాసులో వేరే ఎవరూ రాయరు.

9. ఇక రాయడం

ఒక్కో గుణానికి ఒక పేరా. పేరాలో నాలుగు పనులు, ఈ వరుసలోనే: గుణం చెప్పడం, ఎక్కడ కనిపించిందో చెప్పడం, వేరే దారి ఏముందో చెప్పడం, దానివల్ల కథలో ఏం జరిగిందో చెప్పడం. స్కూల్‌కు ఇంగ్లీషులో రాయాలన్నా ముందు తెలుగులో నోటితో చెప్పించండి. విషయం తేలాక భాష మార్చడం కష్టం కాదు, విషయం తేలకుండా ఇంగ్లీష్ వాక్యాలు వెతుక్కుంటేనే టెన్షన్.

ముందు రాసింది ఇలా ఉంటుంది:

“నగైనా చాలా చెడ్డ పాము. ఆమె అందరినీ చంపాలనుకుంది. ఆమె క్రూరమైనది.”

దిద్దాక ఇలా:

“నగైనా ముందు చూసుకుని ఎత్తు వేసే మనిషి లాంటిది. మనుషుల్ని చంపితే ఏం లాభమని నాగ్ అడిగినప్పుడు, ఇల్లు ఖాళీ అయితే ముంగిస కూడా పోతుందని, పుట్టబోయే పిల్లలకు తోట మిగులుతుందని చెప్పింది. ముంగిసను తప్పించుకుని తిరుగుతూ బతికే దారి కూడా ఆమెకు ఉంది, అది ఎంచుకోలేదు. ఆ ఎత్తు వల్లే నాగ్ బాత్రూంలోకి వెళ్ళి చనిపోయాడు, చివరికి ఆమె కూడా.”

నాలుగు పనులూ ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడండి. క్రూరత్వం అన్న మాట ఎక్కడా లేదు, అయినా ఆ పాము ఎలాంటిదో తెలిసిపోయింది.

10. తరచూ చేసే తప్పులు, వాటికి మందు

కథ మొత్తం మళ్ళీ చెప్పేయడం. అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. మందు: ప్రతి పేరా మొదటి వాక్యంలో గుణం పేరు ఉండాలి. “అప్పుడు”, “తర్వాత” అని మొదలయ్యే వాక్యాలు పేరాకు రెండు మించితే కథ చెబుతున్నట్టే.

రూపాన్ని గుణంగా రాయడం. ఎర్రటి కళ్ళు, సీసా తోమే బ్రష్‌లా ఉబ్బిన తోక గుణాలు కావు. రిక్కీ కళ్ళు ఎర్రబడితే కోపం వచ్చిందని గుర్తు, అంతే.

ఒకే అర్థం ఉన్న మూడు మాటలు మూడు గుణాలుగా చూపడం. ధైర్యవంతుడు, వీరుడు, నిర్భయుడు అని రాస్తే ఒక్కటి రాసినట్టే. ఒకటి ఉంచి, మిగతా రెండు చోట్లా పట్టికలోంచి వేరే గుణం తీసుకోండి.

హీరోలో లోపం, విలన్‌లో మంచి ఒక్కటి కూడా లేకపోవడం. 5, 6 మెట్లు మళ్ళీ చూడండి.

పెద్దవాళ్ళ భాష దిగడం. పెద్దలే చెప్పి రాయించిన జవాబు టీచర్‌కు ఇట్టే తెలిసిపోతుంది. మీరు ప్రశ్నలు మాత్రం వేయండి, పెన్సిల్ పిల్లల చేతిలోనే ఉండాలి.

11. పుస్తకం బ్యాగులో పెట్టే ముందు

☐ అడిగినన్ని గుణాలే ఉన్నాయా?
☐ ప్రతి గుణానికీ కథలో కనీసం ఒక చోటు, వీలైతే రెండు చూపించారా?
☐ నాగ్, నగైనా విడివిడిగా కనిపిస్తున్నారా?
☐ జాతి లక్షణం ఏదైనా గుణంగా దూరిందా?
☐ ‘మంచి’, ‘చెడ్డ’ అన్న మాటలు ఎన్నిసార్లు వచ్చాయి? ఒక్కసారి కూడా రాకపోతే మరీ మంచిది.
☐ జంతువుల పేర్ల స్పెల్లింగ్ పుస్తకంలో ఉన్నట్టే ఉందా? నగైనా, చుచుంద్రా దగ్గర ఎక్కువగా తప్పుతారు.
☐ పైకి చదివి వినిపించారా? ఎక్కడ పిల్లల గొంతు ఆగిపోతుందో ఆ వాక్యాన్ని రెండుగా విడగొట్టండి, మళ్ళీ చదివించండి.